పలక తిప్పని మూడు నెలలు

ఎవరి మీదైనా ఫిర్యాదు పట్టుకుని వస్తే ఆచార్య జోగారావు గారు కాగితం చదవరు. ముందు తెచ్చినవాణ్ణి కూర్చోబెడతారు. ఆయన దగ్గర పరిశోధన చేసే యశోధర్ ఆ రోజు తెచ్చిన కాగితంలో, బంగారు పూతలు వేసే ఉద్యోగి పని పాడుచేస్తున్నాడని ఉంది. సంతకం అడుగుతూ, "తప్పు లేనివాడైతే నోరు తెరిచి చెప్పడెందుకండీ?" అన్నాడు. గురువుగారు తన కుర్రతనంలో జరిగిందొకటి చెప్పారు.

అప్పట్లో ఆయన పని, కంటికి ఆనని సూదిమొన మీద లేజర్ కాంతి వేసి, దాని కింద గాజుపలక మీది బంగారు పూతలో గుంటలు పెట్టడం. ఆ గుంటల్ని తడిమి బొమ్మ తీసేదీ ఆ సూదే. ఒకనాడు పని తొందరగా తెమలాలని లేజర్ జోరు పెంచారు. అప్పట్నుంచి ఒక్క గుంట పెడితే బొమ్మలో రెండు కనబడసాగాయి. పూతే బాగాలేదని తేల్చేసి, పూత వేసే కరుణమ్మను అందరి ముందూ దులిపేశారు. ఆవిడ ఒక్క మాటే అంది: "పలకని ఓసారి అడ్డంగా తిప్పి చూడండి సార్."

లోపం పూతదైతే పలకతోపాటు బొమ్మలో ఆ జంటలూ అడ్డం తిరుగుతాయి, సూదిదైతే తిరగవు. అంత చదువు చదివిన మనిషికి ఆ మాత్రం తెలియక కాదు. పూతలు వేసే ఆవిడ తనకు చెప్పడమేమిటని ఒళ్లు మండి తిప్పలేదు. పైగా ఆవిణ్ణి సీసాలు కడిగే గదికి మార్పించారు. పదకొండేళ్లు పూతలు వేసిన చేతులవి.

మూడు నెలల తర్వాత, ఆవిడ స్థానంలోకి వేరొకరు వచ్చి వేసిన పూత మీదా జంటలే వచ్చాయి. అప్పుడు తలుపు గడియపెట్టుకుని పలక తిప్పారు. జంటలు తిరగలేదు. ఆయన పెంచిన జోరుకే మొన రెండుగా చీలి ఉంది.

సిగ్గుతో చచ్చిపోయారాయన. ఆవిడ దగ్గరికి వెళ్లి నిలబడితే, ఆవిడ తడిచేతులు తుడుచుకుని, "సూది మార్చారా సార్?" అని మామూలుగానే అడిగింది. ఆ వారమే ఆవిణ్ణి పాత పనికి రప్పించారు. అందరి ముందూ తిట్టినాయన, ఎందుకు రప్పించారో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

యశోధర్ తలెత్తలేదు. "ఆవిడనైనా మన్నించమని అడిగారా అండీ?" అన్నాడు.

"మార్చానమ్మా అన్నాను. అంతవరకే నోరు పెగిలింది," అన్నారు గురువుగారు.