సింహాలమ్మ లాగిన ప్లగ్గు

ఒకానొక మండలంలో త్రివిక్రమరావనే తహసీల్దారుండేవాడు. బుట్టలల్లుకునే సింహాలమ్మ ఇంటిస్థలం పత్రం కోసం వచ్చినప్పుడల్లా ఆయనది ఒకటే మాట.

"ల్యాప్‌టాప్ బ్యాటరీ నెలరోజులుగా ఛార్జింగ్ ఎక్కట్లేదు. కరెంటు పోయి మధ్యలో ఆగితే నీ పత్రం పాడైపోదూ?"

సాయంత్రంలోగా పత్రం చూపకపోతే గుడిసె కూలగొడతారని తెలిసి ఆవేళ సింహాలమ్మ ఆఫీసుకు పరుగెత్తింది. బతిమాలబోయి తొంగిచూస్తే, ల్యాప్‌టాప్ తెరమీద పేకాట! ఆమె వంగి గోడకున్న దాని ప్లగ్గు లాగేసింది.

తహసీల్దారు కెవ్వుమన్నాడు. పేకముక్కలు మాత్రం తెరమీద మెరుస్తూనే ఉన్నాయి.

"నెలరోజులుగా మేతలేనిది ఇంకా ఎలా బతికుంది బాబూ?" అందామె.

త్రివిక్రమరావు ప్లగ్గు పెట్టమని కూడా అనకుండా, ఆ బ్యాటరీ మీదే పత్రం పూర్తిచేసి ఆమె చేతిలో పెట్టాడు.