కావలి కొండముచ్చు గొంతు

అనగనగా ఒక అడవిలో, పొగాకు చేలు ఆగిపోయి కొండలు మొదలయ్యే చోట, కొండన్న అనే కొండముచ్చు ఉండేవాడు. మొహం బొగ్గులా నలుపు. ఒళ్ళు బూడిద రంగు. తోక బారెడు. అయినా ఆ అడవిలో కొండన్నకి పేరు తెచ్చింది తోక కాదు, గొంతు.

పిల్లలూ, ఆ అడవిలో జింకలకీ కొండముచ్చులకీ తాతల నాటి ఒప్పందం ఉంది. జింకకి ముక్కు మంచిది, కొండముచ్చుకి కన్ను మంచిది. కింద మేసే జింక వాసన పట్టి చెబుతుంది. పైన కూచున్న కొండముచ్చు చూసి చెబుతుంది. పొదల్లో చిరుతపులి కదిలితే చాలు, కొండన్న మద్దిచెట్టు చిటారు కొమ్మ మీంచి "ఖక్! ఖక్! ఖక్!" అని అరిచేవాడు. ఆ కేక కొండకి కొట్టుకుని వాగు అవతల దాకా పోయేది. ఎక్కడి జింకలక్కడి నుంచే చెంగుమని దూకి పారిపోయేవి. చిరుత ఉత్త నోటితో వెనక్కి మళ్ళేది.

"కొండన్న చెట్టు మీద ఉంటే నాకు బెంగ లేదు. తల దించుకుని మేస్తాను," అనేది చుక్కమ్మ.

చుక్కమ్మ ఒక తల్లి జింక. లేక లేక ఒక కూన పుట్టింది. దాని పేరు మువ్వ. ఒక్క చోట నిలిచేది కాదు మువ్వ. గంతులేస్తూ వచ్చి చెట్టు కింద నిలబడి, "మామా, చిరుత ఎక్కడుంది? చూపించవూ!" అని అడిగేది.

"చూడకుండా ఉంటేనే మంచిదే తల్లీ," అనేవాడు కొండన్న.

అలాంటి కొండన్నకి చుట్ట అలవాటయింది.

ఎలాగంటారా? అడవి అంచున ఒక పొగాకు బ్యారన్ ఉంది. అది ఎత్తయిన గది. లోపల పొగాకు వేలాడదీసి, కింద మంట పెట్టి, ఆ వేడికి ఆకు ఆరబెడతారు. దాని కాపలా ముసలాయన మధ్యాహ్నం అన్నం తిని, గోడకి చేరగిలబడి, చుట్ట వెలిగించి కళ్ళు మూసుకునేవాడు. కొండన్న కప్పు మీంచి తొంగి చూసేవాడు. "కళ్ళు మూసుకుని ఈ మనిషి అంత సుఖంగా ఏం చూస్తున్నాడబ్బా?" అనుకున్నాడు. ఒకరోజు ముసలాయన కునుకు తీయగానే మెల్లగా దిగి, సగం కాలిన చుట్ట ఎత్తుకున్నాడు.

మొదటి దమ్ముకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండో దమ్ముకి కడుపులో తిప్పింది. మూడో దమ్ముకి తల గాలిలో తేలినట్టయింది. ఆ తేలడం కోసం మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. కొన్నాళ్ళకి తేలడం పోయింది. వెళ్ళడం మాత్రం ఆగలేదు. పొద్దున లేస్తూనే ఒక చుట్ట, తిన్నాక ఒక చుట్ట, ఊరికే కూచుంటే ఇంకో చుట్ట. ముసలాయన చుట్టలు దొంగిలించి, బ్యారన్ పొయ్యి దగ్గర అంటించుకుని, నోట్లో పెట్టుకుని, మద్దిచెట్టు మీదికి వచ్చేసేవాడు.

పండ్ల రుచి తెలియకుండా పోయింది. లేత చిగుళ్ళు గడ్డిలా ఉన్నాయి. కొమ్మ నుంచి కొమ్మకి దూకితే ఆయాసం. ఇక దగ్గు. పొద్దున దగ్గు, సాయంత్రం దగ్గు. మొదట్లో ఆ దగ్గుకి జింకలు ఉలిక్కిపడి పరిగెత్తేవి. తర్వాత అలవాటు పడ్డాయి.

చుక్కమ్మ ఒకసారి అడిగింది. "అన్నా, ఆ పొగ నీకెందుకు? నీ గొంతు మునుపటిలా లేదు."

"గొంతుకేమయింది? వేళకి అదే వస్తుంది," అన్నాడు కొండన్న. అని మళ్ళీ దగ్గాడు.

ఎండలు ముదిరే కాలం. ఒక సాయంత్రం చుక్కమ్మ వాగు ఒడ్డున నీళ్ళు తాగుతోంది. మువ్వ కాస్త దూరంలో ఎండుటాకుల మీద గంతులేస్తోంది. కొండన్న చిటారు కొమ్మ మీద చుట్ట కాలుస్తున్నాడు. రెల్లు పొదలో గడ్డి కదిలింది. గాలి లేదు, కానీ గడ్డి కదిలింది. పసుప్పచ్చ ఒళ్ళు, నల్ల మచ్చలు. చిరుత!

కొండన్న అందరికన్నా ముందే చూశాడు. అతని కన్ను మంచిదే కదా. అరవడానికి గుండె నిండా గాలి పీల్చాడు. ఆ గాలితో పాటు పొగ లోపలికి పోయింది. నోరు తెరిచాడు. కేక రాలేదు. దగ్గొచ్చింది. కళ్ళు బైర్లు కమ్మేలా, పేగులు తెగేలా దగ్గు. కొమ్మ పట్టుకుని దగ్గుతూనే ఉన్నాడు.

మువ్వ తలెత్తి చూసింది. "అమ్మా, పాపం మామకి దగ్గొస్తోంది," అంది.

అదే దాని ఆఖరి మాట.

కొండన్న దగ్గు తగ్గేసరికి వాగు ఒడ్డున దుమ్ము లేస్తోంది. చిరుత లేదు. మువ్వ లేదు. చుక్కమ్మ ఒక్కతే నిలబడి ఉంది. కొండన్న చెట్టు దిగాడు.

"నువ్వు చూడలేదా అన్నా?" అంది చుక్కమ్మ.

"చూశానమ్మా."

"మరి అరవలేదేం?"

"అరిచాను... రాలేదు."

చుక్కమ్మ తిట్టలేదు, ఏడవలేదు. కొండ అవతలికి వెళ్ళిపోయింది. దాని వెనకే మందంతా వెళ్ళిపోయింది. మద్దిచెట్టు కింద గడ్డి మేసేవాళ్ళు లేక మోకాలెత్తు పెరిగింది. తాతల నాటి ఒప్పందం కొండన్నతో తెగిపోయింది.

ఆ రాత్రే కొండన్న దాచుకున్న చుట్టలన్నీ వాగులో పారేశాడు. "మళ్ళీ ముట్టుకుంటే నా తోక ఊడిపోవాలి!" అని ఒట్టు పెట్టుకున్నాడు. రెండు రోజులు గడిచాయి. తల పగిలిపోయేది. ఎవరు పలకరించినా కసురుకునేవాడు. పండు తినగానే చెయ్యి దానంతట అదే నోటి దగ్గరికి పోయేది. మూడో రోజు తిని, ఎప్పుడూ చుట్ట కాల్చే కొమ్మ మీదే కూచున్నాడు. ఒట్టు గుర్తుంది. మువ్వ గుర్తుంది. అయినా కాళ్ళు బ్యారన్ వైపు నడిచాయి.

తన మీద తనకే అసహ్యం వేసింది. "మువ్వని చంపుకున్నవాణ్ణి. నాకు తిండెందుకు?" అని ఈసారి తినడం మానేశాడు. కడుపు మాడింది. కడుపు మాడినకొద్దీ పొగ మీదికి మనసు లాగింది. ఒక దమ్ము లాగితే ఆకలి చచ్చేది. అందుకని ఇంకొకటి. మునుపటి కన్నా ఎక్కువయింది చుట్ట. కొండన్న చిక్కి పుల్లయ్యాడు. ఒకరోజు మద్దిచెట్టు సగం ఎక్కేసరికే ఊపిరాడక జారి, కింద పడ్డాడు. లేవలేక అక్కడే పడుకున్నాడు.

ఆ దారిన ఒక ముసలి ఎలుగుబంటి వచ్చింది. పేరు నల్లవ్వ. చెదలు తవ్వుకుని తినడం మానేసి, అతని పక్కన కూలబడింది.

"చచ్చిపోదామనుకుంటున్నావా, చుట్ట మానేద్దామనుకుంటున్నావా?" అని అడిగింది.

"మానేద్దామనే అవ్వా. నా వల్ల కావడం లేదు. ఒట్టు పెట్టుకున్నాను. ఉపవాసం ఉన్నాను."

నల్లవ్వ నిట్టూర్చింది. "మా ముసలాయన ఇలాగే చేశాడురా. ఇప్పపూలు పులిసిపోతే సారాలా మత్తెక్కిస్తాయి. వాటికి మరిగాడు. ఒట్ల మీద ఒట్లు వేశాడు. తిండి మానేసి గుహలో పడుకున్నాడు. నేనూ మెచ్చుకున్నాను, ఎంత పట్టుదలో అని. కడుపు ఖాళీ, రోజంతా ఖాళీ. ఆ ఖాళీలోకి మళ్ళీ ఇప్పపూలే వచ్చాయి. ఒకనాడు మత్తులో లోయలోకి తూలాడు. ఇదంతా నాకు అర్థమయ్యేసరికి ఆయన లేడు."

కొండన్న మెల్లగా లేచి కూచున్నాడు.

"అందుకే చెబుతున్నా, విను," అంది నల్లవ్వ. "ముందు వేళకి తిను. ఆకలికీ పొగ యావకీ తేడా తెలియదు నీ ఒంటికి. రెండూ ఒకేలా పిలుస్తాయి. కడుపు నింపి చూడు, సగం పిలుపులు ఆగిపోతాయి. తిన్నాక ఆ పాత కొమ్మ మీద కూచోకు. లేచి నడువు. యావ పుడితే వాగుకి పోయి నీళ్ళు తాగు, మెల్లగా, గుక్క గుక్కగా. యావ సుడిగాలి లాంటిదిరా. వస్తుంది, ఊపేస్తుంది, పోతుంది. అది పోయేదాకా చేతికీ నోటికీ పని చెప్పు."

"ఏం పని అవ్వా?"

"చింతకాయ నమలరా! పుల్లగా పళ్ళు జివ్వుమంటుంటే పొగ ఎవడికి గుర్తొస్తుంది?"

కొండన్న అలాగే చేశాడు. తేలిగ్గా జరిగిందనుకోకండి పిల్లలూ. మొదట్లో నరకమే. పొద్దున లేవగానే నీళ్ళు తాగి, గుట్ట ఎక్కేవాడు. పదడుగులకే ఆయాసం. నిలబడి, దగ్గి, మళ్ళీ ఎక్కేవాడు. ఆకలి కాకముందే చిగుళ్ళు, వెలగపండ్లు, నేరేళ్ళు తినేవాడు. చేతిలో ఎప్పుడూ ఒక చింతకాయ. యావ పుట్టినప్పుడు వాగు దగ్గర కూచుని నీళ్ళు తాగుతూ వణికేవాడు. నల్లవ్వ అవతలి ఒడ్డున చెదలు తవ్వుకుంటూ, చూడనట్టే చూస్తూ ఉండేది.

వానాకాలంలో ఒకరోజు ముసురు పట్టింది. గుట్ట ఎక్కడానికి లేదు. కాయలన్నీ రాలి కుళ్ళిపోయాయి. తడిసి, ఆకలేసి, మనసంతా మువ్వ నిండిపోయి కూచున్న కొండన్న దిగ్గున లేచి బ్యారన్ కి పోయాడు. అక్కడ కాపలా ముసలాయన పాత చుట్ట ముక్క దొరికింది. సగం కాల్చాడు. ఏడుస్తూ తిరిగొచ్చాడు.

"అంతా పోయింది అవ్వా. మళ్ళీ మొదటికొచ్చాను."

"రోజూ గుట్ట ఎక్కుతూ జారినప్పుడు ఎక్కడికి పడ్డావు? కిందిదాకానా?" అంది నల్లవ్వ.

"లేదు, ఒకడుగు."

"అయితే అక్కడి నుంచే ఎక్కు. ముందు నేను తవ్వి తెచ్చిన ఈ దుంపలు తిను. ఆకలితో కూచోవద్దని నీకెన్నిసార్లు చెప్పాను!"

కొండన్న ఏడుస్తూనే దుంపలు తిన్నాడు. మళ్ళీ ఎక్కాడు.

చలికాలం వచ్చింది. నేరేడు చెట్టు చిగురు నోట్లో వేసుకుంటే వగరు తెలిసింది. ఆ వగరుకి అతనికి కళ్ళనీళ్ళు వచ్చాయి. నాలుక మళ్ళీ తనదయింది. ఊపిరి చాలావరకు తిరిగొచ్చింది. కానీ గొంతు రాలేదు. అరిచి చూసేవాడు. పగిలిన కుండని తట్టినట్టు ఉండేది. కొండ దాకా పోయే కేక ఎక్కడికి పోయిందో పోయింది.

"గొంతు ఎప్పుడొస్తుంది అవ్వా?"

నల్లవ్వ అబద్ధం చెప్పలేదు. "అంతా రాదురా నాయనా. మిగిలిందాన్ని కాపాడుకో."

అయినా కొండన్న రోజూ మద్దిచెట్టు ఎక్కి కూచునేవాడు. కింద మేసేవాళ్ళు లేకపోయినా కాపలా కాసేవాడు.

ఆ ఎండాకాలం కొండ అవతల నీళ్ళు ఎండిపోయాయి. జింకల మందకి వేరే దారి లేక ఈ వాగుకే వచ్చింది. అందరికన్నా వెనక, ఒంటరిగా చుక్కమ్మ వచ్చింది. చెట్టు వైపు తల తిప్పలేదు. నీళ్ళలో మూతి పెట్టింది. కొండన్న కన్ను పొదల మీదే ఉంది. రెల్లు గడ్డి కదిలింది.

కొండన్న గుండె నిండా గాలి పీల్చాడు. అది ఒట్టి గాలి. "ఖక్!" అన్నాడు. బొంగురుగా, చిన్నగా వచ్చింది. "ఖక్!" అన్నాడు మళ్ళీ. చెట్టుకి దగ్గరగా ఉన్న జింకలు చెవులు నిక్కబొడిచాయి. మూడో కేకకి గొంతు చీలి, నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. ఆ కేకకి జింకలు తోకలెత్తి దూకాయి. వాటిని చూసి దూరంగా ఉన్నవి దూకాయి. చుక్కమ్మ కూడా దూకింది. చిరుత దుమ్ములో నిలబడి, పైకి ఒకసారి గుర్రుమని చూసి వెళ్ళిపోయింది.

దుమ్ము అణిగాక చుక్కమ్మ ఒక్కతే తిరిగి వచ్చింది. కొండన్న కింది కొమ్మకి దిగాడు.

"నీ కేక వినపడింది అన్నా," అంది చుక్కమ్మ.

కొండన్న తల దించుకున్నాడు.

"ఆ రోజు ఇంత కేక వచ్చినా చాలేది. మువ్వ నా పక్కనే ఉండేది."

"అవునమ్మా," అన్నాడు కొండన్న.

చుక్కమ్మ క్షమించానని అనలేదు. అలాగని వెళ్ళిపోనూ లేదు. మోకాలెత్తు పెరిగిన ఆ గడ్డిలో తల దించి మేయసాగింది.

నీతి: చెడ్డ అలవాటుని ఒట్టు ఒక్కటే వదిలించలేదు, వేళకి తిండి, నీళ్ళు, నడక లాంటి మంచి అలవాట్లతో దాని చోటు నింపాలి. ఆ పని ఆలస్యం చేసేకొద్దీ, ఎంత మారినా తిరిగి రానివి కొన్ని పోతాయి.