నాముకు నీళ్లు

రండి నాయనా, రండమ్మా, దగ్గరికి జరగండి. శివనామం ఒక్కసారి నోరారా అనుకుని, ఆ పైన ఈ మాట వినండి.

రుద్రయ్య అయ్యవారు ఒకప్పుడు వ్యవసాయ పాఠశాలలో పైర్ల తెగుళ్ల గురించి పాఠాలు చెప్పేవారు. ఉద్యోగం అయిపోయాక చేని గట్టు మీదనే సత్సంగం. ఎవరేమడిగినా వెంటనే బదులివ్వరు. వంగి ఒక ఆకు తుంచి అడిగినవాళ్ల చేతిలో పెడతారు.

ఆ సాయంత్రం అడిగినవాడు తిప్పన్న. "అయ్యవారూ, అమ్మ పోయినరోజు మా అన్న సుంకన్న పదిమందిలో నన్నొక మాటన్నాడు. 'అమ్మ గొంతులో చుక్క నీళ్లు పొయ్యలేని కొడుకువి' అన్నాడు. బస్సు దొరక్క ఆలస్యమైన పాపం నాది. అప్పటినుంచి ఒకరింట్లో ఒకరం మంచినీళ్లు ముట్టం. ఆ మాట మింగలేను, ఉమ్మలేను. ఏం చెయ్యాల?"

అయ్యవారు కోసిన జొన్న మోడు నుంచి పుట్టిన పిలక ఆకు తుంచి తిప్పన్న చేతిలో పెట్టారు. వానలేక వాడిన పిలకల్లో నాము అనే విషం చేరుతుందని మీకు తెలియనిదా! గొడ్డు నమిలిందంటే ఆ ఆకులో సైనైడు పుడుతుంది, గొడ్డు ఊపిరాడక కూలిపోతుంది. ఈ ఆకు మీద మాత్రం ఎర్రటి మచ్చలు, సన్నటి బూజు.

"బూజు కొరికినా ఇందులో నాము పుట్టేదే. కానీ బూజు చావదు," అన్నారు అయ్యవారు. "దాని దగ్గర ఎంజైమని ఒకటుంది. అది నాముకు నీళ్లు కలుపుతుంది. అంతే, విషం విషంగా మిగలదు."

తిప్పన్నకు అర్థమైందో లేదో, అంతలోనే కేక. "తిప్పా! నీ ఆవు!"

పరుగెత్తాడు. ఆవు పలుపు తెంచుకుని పిలకల్లో పడింది. మోకాళ్ల మీద కూలి, చొంగ కారుస్తూ ఎగపోస్తోంది. పక్క చేలోంచి ఉరికొచ్చిన సుంకన్న పలుపు పట్టి దాన్ని బయటికి లాగుతున్నాడు. అరచేతులు దోక్కుపోయి నెత్తురు.

"కండ్లు నెత్తికెక్కినాయా? ఆ పొద్దు అమ్మ, ఈ పొద్దు గొడ్డా?" అని అరిచాడు. "పశువుల డాక్టరుకు ఫోను చేసినాలే, వస్తాండాడు."

దీటైన జవాబు తిప్పన్న నాలుక చివరికొచ్చింది. పిడికిట్లో నలిగిన ఆకు తగిలింది. గట్టు మీది కుండలో చెంబు ముంచుకొచ్చాడు.

"దప్పికగొన్నావు. తాగన్నా."

సుంకన్న ముట్టలేదు. చెంబు వైపు చూడనే లేదు. డాక్టరు వచ్చాడు, సూది వేశాడు. అందరి కళ్లూ ఆవు డొక్క మీదే. ఎగసింది, ఆగింది. మళ్లీ ఎగసిందా? ఈశ్వరా, చాలాసేపు తెలియలేదు. ఉన్నట్టుండి ఆవు నిండుగా ఊపిరి తీసి మెడ ఎత్తింది.

అప్పుడు సుంకన్న చెంబు అందుకున్నాడు. రెండు గుక్కలు తాగి, మిగిలింది తమ్ముడి ముందుకు తోశాడు. "నువ్వూ తాగు రా, ఎర్రోడా."

తిప్పన్న కళ్లు తుడుచుకుంటూ అయ్యవారి దగ్గరికి వచ్చాడు. "అయ్యవారూ, నాము విరిగినట్టేనా?"

"నువ్వడిగేది ఆవు గురించేనా, నాయనా?" అన్నారాయన.

అమ్మలారా, అయ్యలారా, తక్కినదంతా మరిచినా సరే. తిట్టిన నోటికి తిప్పన్న చెంబు అందించాడు. ఆ ఒక్క పని గుర్తుపెట్టుకోండి. రేపు మీ ఇంట్లో చేసి చూడండి.