దాలమ్మ చెక్కని గట్టు

కొండలకి ఇంకా ఎవరూ పేర్లు పెట్టని రోజుల్లో ఓ గుమ్మడిపాదుల ఊరుండేది. ఆ ఊరికి శుభ్రమంటే మహా పిచ్చి. ఏటా తొలకరికి ముందు పోటీపడి పొలం గట్లు చెక్కేవారు. తంగేడు నరికి, వావిలి నరికి, తుమ్మి పీకి గట్లని నున్నగా చేసేవారు.

ముసలి దాలమ్మ గట్టు మాత్రం పొదలతో నిండి ఉండేది. మోకాళ్ళు వంగవు, పార ఎత్తలేదు. ఊరంతా నవ్వితే తల దించుకుని పోయేది.

మిగతా గట్లన్నీ బోడిగా మారాక, మొదటి ఏడు గుమ్మడి విరగబూసింది, పిందె పడలేదు. ఎండ అన్నారు. రెండో ఏడూ విరగబూసింది, పిందె పడలేదు. దిష్టి అన్నారు. మూడో ఏడూ పూత రాలిపోతుంటే ఇక ఊరే వదిలేద్దామని బళ్ళు కట్టారు. ఈ మోకాళ్ళతో దాలమ్మ ఎక్కడికని పోతుంది?

ముందు రెండేళ్ళూ ఏమీ వెయ్యకపోయినా, ఆ ఏడు తొలకరికి తన గట్టు పక్కన ఊరికే నాలుగు గుమ్మడి గింజలు విసిరి ఉంది. బళ్ళు కదిలే రోజు తెల్లారగానే ఆ పాదుని కడసారి చూసుకుందామని వెళితే, ఆకుల కింద ఎక్కడ చూసినా పిందెలే. మోకాళ్ళ సంగతే మరిచిపోయి పరుగెత్తింది. బళ్ళకి అడ్డం నిలబడింది.

"తప్పుకోయే, ఎడ్లు తొక్కేత్తాయి" అన్నాడు ఊరి పెద్ద గౌరినాయుడు.

"తొక్కనీ బాబూ. నా పాదుకి పిందె పడింది. సూసి అప్పుడెల్లండి."

అందరూ వెళ్ళారు. నోళ్ళు తెరిచారు.

"ఏ మందేసినావే?"

"ఏటీ ఎయ్యలేదు. నాకూ తెల్దు. కూకుని సూద్దాం."

కూర్చున్నారు. పొద్దు పొడిచింది. వావిలి పొద జుమ్మంది. ఒక తేనెటీగ తుమ్మిపూల మీంచి లేచి గుమ్మడిపువ్వులో దూరింది. ఒళ్ళంతా పసుపు పుప్పొడితో బయటికొచ్చి ఇంకో పువ్వులో దూరింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. గౌరినాయుడు తన పొలం వైపు చెవి పెట్టాడు. అక్కడ చప్పుడే లేదు.

"ఈటి కూడు మనమే సెక్కేసినాం" అన్నాడు.

ఎడ్లు విప్పేశారు. దాలమ్మ ఆనందం పట్టలేకపోయింది. తంగేడు గింజలు, వావిలి కొమ్మలు, తుమ్మి విత్తనాలు దోసిళ్ళతో పంచింది. అందరూ కలిసి ప్రతి గట్టు మీదా నాటారు, ఊరి మధ్య ఉమ్మడి తోటా వేశారు. మరుసటి ఏడు కాసిన గుమ్మడికాయలు మొయ్యలేక బళ్ళు మూలిగాయి.

దాలమ్మ పోయాక ఆ గట్టు మీదే మట్టి చేశారు. ఇప్పటికీ అక్కడ తొలకరికి ముందు అందరూ పారలు తెచ్చి, ఆ గట్టు దగ్గర కింద పెట్టి, మాట్లాడకుండా కూర్చుంటారు. తేనెటీగ వచ్చి పువ్వు మీద వాలాలి. మధ్యాహ్నమైనా సరే, వాలేదాకా ఒక్కరూ లేవరు. వాలగానే "దాలమ్మ వచ్చింది" అంటారు. పారలు భుజాన వేసుకుని పొలాల్లో దిగుతారు, గట్ల జోలికి మాత్రం పోరు.