జాగ్రత్తకి కట్టిన తాడు

నూకరాజు మేస్త్రిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడని కోరంగి రేవులో అందరికీ తెలుసు. అడిగినవాళ్లని పడవ ఎక్కిస్తాడు. దిగేటప్పటికి ఇంకా ప్రశ్న మిగిలుంటే అప్పుడు చూద్దాంలే అంటాడు.

ఆయన దగ్గర పడవల పని నేర్చుకుంటున్న భ్రమరాంబ ఒక చీనా తెరచాప తయారుచేసింది. గీసుకున్నదీ తనే, వెదురు ఏరుకున్నదీ తనే, గుడ్డ కుట్టుకున్నదీ తనే. గుడ్డకి అడ్డంగా వెదురు బద్దలుంటాయి. పైతాడు వదిలితే చాలు, బద్ద మీద బద్ద పడి చాప దానంతటదే మడతపడిపోవాలి. ఆ చాపని మోసే కొయ్యకి మాత్రం ఏ పక్కనుంచీ ఆసరా తాడుండదు. పడవ అడుగులోకి దిగేసిన పట్టే దాని బలం. ఒంటరిగా నిలబడ్డ ఆ కొయ్యని చూస్తేనే ఎక్కడ విరుగుతుందోనని ఆమెకి భయం.

"ఇది నిలబడుద్దన్న నమ్మకం ఎలా కుదురుద్ది మేస్త్రిగారూ?" అని అడిగింది.

"రేపు పాటుకి నీళ్లు వెనక్కి తియ్యగానే బయల్దేరదాం," అన్నాడాయన.

తెల్లారి ఆయన వచ్చేసరికి కొయ్య చివర్నుంచి పడవ రెండు అంచులకీ రెండు తాళ్లు బిగించి ఉన్నాయి. ఒకదాన్ని వేలితో మీటి చూశాడు.

"ఏంటే ఇది?"

"ఊరికేనండి. జాగ్రత్తకి."

"బాగానే బిగించావు," అని వెళ్లి చుక్కాని పట్టుకున్నాడు. తిట్టనందుకు ఆమె ఊపిరి పీల్చుకుంది.

ఏటి మొగ దాటి సముద్రంలోకి వచ్చాక గాలి వెనకనుంచి అందుకుంది. చాపని పక్కకి బార్లా విప్పారు. పడవ హాయిగా పోతోంది. ఇంతలో దక్షిణాన మబ్బు కమ్మింది. నీళ్లని నల్లగా చేసుకుంటూ ఈదురుగాలి దూసుకొచ్చింది.

"దించెయ్!"

భ్రమరాంబ పైతాడు వదిలేసింది. చాప రెండు మడతలు దిగి ఆగిపోయింది. బార్లా విప్పిన చాపకి బద్దల ముందు కొసలు కొయ్యని దాటి గాలివైపుకి వస్తాయి. అక్కడ ఆమె కట్టిన తాడుంది. ఓ బద్ద దానిమీదెక్కి కూర్చుంది. గాలి ఒక్క తోపు తోసింది. పడవ ఒరిగి, అంచు మీదుగా నీళ్లు లోపలికొచ్చాయి.

"దిగట్లేదండీ!"

"ఏం పట్టుకుంది?"

"నా తాడే!"

మేస్త్రి రెండు చేతులూ చుక్కానికే అతుక్కుపోయి ఉన్నాయి. కాలితో కత్తిని ఆమె వైపు నెట్టాడు.

"కోస్తే కొయ్య ఇరిగిపోద్ది మేస్త్రిగారూ!"

"కొయ్యక్కడ బానే ఉంది. ముందు మనిద్దరం మునిగిపోతన్నాం, చూసుకో!"

పైకి లేచిన అంచుకి పాక్కుంటూ వెళ్లింది. కత్తి పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని కోసింది. తాడు ఠప్పున తెగింది. కొయ్య కిర్రుమని వంగింది. ఆ తర్వాత వినపడింది, బద్ద మీద బద్ద టపటపా పడుతున్న చప్పుడు. కళ్లు తెరిచేసరికి చాప కాళ్లదగ్గర మడతపడి ఉంది. పడవ లేచి నిలబడింది. పైన కొయ్య ఊగుతోంది, అంతే.

ఇద్దరూ నీళ్లు తోడారు. రెండో తాడుని ఎవరూ చెప్పకుండానే ఆమె విప్పేసింది.

రేవుకి చేరాక ఆ తాళ్లని చుట్టచుట్టి, సిగ్గుతో బురదలోకి గిరాటెయ్యబోయింది. మేస్త్రి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"పారెయ్యకే అమ్మాయ్. మంచి తాడు. ఒడ్డున పడవ కట్టేసుకోడానికి పనికొస్తది."