వంతెన కింది వాళ్ళ కబురు

ఒక రాజ్యంలో ఎండాకాలం వంతెన కట్టేవారు, వానాకాలం అది కూలేది. కూలినప్పుడల్లా కట్టడాల అధికారి వీరభల్లయ్య, "నది మనిషిని కోరుతోంది మహారాజా!" అనేవాడు. అలా ఇద్దరు కూలీలను స్తంభాల కింద బతికుండగానే పూడ్చారు. అయినా వంతెన నిలవలేదు.

ఈసారి వంతు బుట్టలల్లే పైడమ్మకు వచ్చింది. ఆమెకు పసుపునీళ్ళు పోసి, వేపమండలు కట్టి, గోతి అంచున నిలబెట్టారు. పొగమంచులో నది చప్పుడే వినిపించడం లేదు. పైడమ్మ వంగి, గోతిలోకి చెవి పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"ఏమిటే వింటున్నావు?" అన్నాడు రాజు.

"కింద ఉన్నవాళ్ళు మాట్లాడుతున్నారు దొరా. వంతెన ఎక్కడ గుల్లగా ఉందో తెలిస్తే అక్కడ చేతులతో ఎత్తిపట్టుకుంటారట. నేను వెళ్ళి ఏం చెప్పను? కట్టించినవాణ్ణే పంపమంటున్నారు."

రాజు అధికారి వైపు తిరిగి, "నిజమే! పసుపునీళ్ళు తెండి" అన్నాడు.

చెంబు నెత్తి మీదికి రాగానే వీరభల్లయ్య కూలబడ్డాడు. "బలి అక్కర్లేదు మహారాజా! తమ పుట్టినరోజుకల్లా పూర్తవ్వాలన్నారని స్తంభాలు రాతిదాకా దించలేదు, ఇసుకలోనే నిలబెట్టాను. ఆ ఇసుక కూడా తమ కొత్త కోటకి తవ్వించేశాను."

రాజు తల దించుకున్నాడు. పైడమ్మను వదిలేసి, గునపం వీరభల్లయ్య చేతికిచ్చి, రాయి తగిలేదాకా తవ్వమన్నాడు.

రాయికంటే ముందు ఆ ఇద్దరి ఎముకలు తగిలాయి. చేతులు నిటారుగా పైకెత్తి ఉన్నాయి.

అందరికంటే ఎక్కువగా వణికింది పైడమ్మే. ఎందుకంటే, గోతిలోంచి ఆమెకు ఏ మాటా వినిపించలేదు.