అంగీ అడిగిన భట్టుగారు

చింతలగడ్డ రాజావారికి ఒక అలవాటుంది. మధ్యాహ్నం పనసకాయ కూర ఎక్కువై పొట్ట బరువెక్కితే వాము నమలరు, సభలో మతాల మీద వాదం పెట్టిస్తారు. మరి దాంతో ఎలా అరుగుతుందో గాని, అరుగుతుంది.

ఆవేళ వంతు క్రైస్తవానికొచ్చింది.

"ఆ ఏసును మేకులు కొట్టి చంపారు. నమ్మినవాళ్ళని సింహాలకేశారు. అయినా ఆ నమ్మకం సముద్రాలు దాటి మన చింతలగడ్డ దాకా వచ్చింది. ఎందుకు చావలేదంటారు?" అన్నారు రాజావారు.

ఆస్థాన పండితుడు శంభుభట్టు కండువా సర్దుకుని లేచాడు. "గట్టిగా చంపేవాడు దొరక్క బతికిపోయింది, ప్రభూ! వాళ్ళకి వాక్యం చెప్పే ఉపదేశి ఏసోబును పిలిపించండి. నేను గెలిస్తే వాళ్ళ ప్రార్థన మందిరం నాకిప్పించండి."

భట్టుగారి బాధ మతం కాదు. మందిరం ఆయన పెరటిగోడ పక్కనే ఉంది. తెల్లారకముందే అక్కడ గంట కొడతారు, ఆయనకేమో పొద్దెక్కే దాకా నిద్ర కావాలి.

రాజావారు సరేనన్నారు. ఆయన పక్కన తమలపాకులకి ఈనెలు తీస్తున్న గవరయ్య చెయ్యి ఆగిపోయింది. రాజావారికి తాంబూలం అందించడం వాడి పని, నవ్వించడం వాడి గుణం. ఆ క్షణాన మాత్రం వాడికి నవ్వు రాలేదు. మొగుడు పోయి, అత్తవారు గెంటేసిన వాడి అక్క సారమ్మ తలదాచుకున్నది ఆ మందిరం పంచలోనే. ఆ పంచ పోతే ఆమెకు వీధే గతి.

ఏసోబు వచ్చాడు. పాపం, మంచివాడు. మంచివాడికి వాదం ఎక్కడ చాతనవుతుంది?

"ఏమోయ్ ఏసోబూ, అడిగినవాడికి లేదనకుండా ఇమ్మని మీ గ్రంథంలో ఉందా?" అన్నాడు భట్టు.

"ఉందండి."

"అయితే అడుగుతున్నా. నీ మందిరం నాకియ్యి. ఇచ్చావా, మందిరం పోయింది. ఇవ్వనన్నావా, గ్రంథం పోయింది. ఏది పోగొట్టుకుంటావో నువ్వే చెప్పు!"

సభ చప్పట్లు కొట్టింది. ఏసోబు నుదుటి మీద చెమట తుడుచుకుంటూ నేల చూపులు చూస్తున్నాడు.

గవరయ్య తాంబూలం పళ్ళెం కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. "మహాప్రభో, తమరి సెలవైతే ఏసోబు తరఫున నేను మాట్లాడతాను."

భట్టుకి ఒళ్ళు మండింది. "ఈనెలు తీసుకునేవాడివి, ఆ గ్రంథం సంగతి నీకేం తెలుసు?"

"మా అక్క చదివి వినిపిస్తుంటుందండి. సగం వినేసరికి నిద్రపోతాను. తమరడిగింది మెలకువగా ఉన్న సగంలో ఉంది."

"సరే, మాట్లాడరా," అన్నారు రాజావారు.

"మాట్లాడేదేముంది ప్రభూ? భట్టుగారు అడిగారు. ఇచ్చేస్తున్నాం."

ఏసోబు గతుక్కుమన్నాడు. "గవరయ్యా, మీ అక్క అక్కడే..." అని గొణిగాడు.

"నాకు తెలియదూ! చెంబు పట్టు. ధారపొయ్యి," అన్నాడు గవరయ్య మెల్లగా.

భట్టుగారు మహా మడి మనిషి. ఏసోబు నీడ పడితే మళ్ళీ స్నానం చేసే రకం. కానీ స్థలం వస్తుందనేసరికి మడి ఏ గంగలో కలిసిందో గాని, చెయ్యి మాత్రం బారెడు ముందుకొచ్చింది. ఏసోబు నీళ్ళు పోశాడు. నిండు సభలో దానం పూర్తయింది.

"పుచ్చుకున్నారు కదండీ?" అన్నాడు గవరయ్య.

"పుచ్చుకున్నాను. రేపే పడగొట్టిస్తాను."

"ఒక్క మాట. అంగీ అడిగినవాడికి పైబట్ట కూడా ఇచ్చేయమని అదే గ్రంథంలో ఉందండి. తమరు అంగీ అడిగారు. పైబట్ట కూడా పుచ్చుకోవాలి."

"పైబట్టేమిటి?"

"మందిరంలో జరిగే ధర్మం. తెల్లారకముందే గంట కొట్టాలి. ఆదివారం అందరినీ కూర్చోబెట్టి పాటలు పాడించాలి. బీదాబిక్కీకి గంజి పొయ్యాలి. పంచలో ఉన్న దిక్కులేని ఆడవాళ్ళకి అన్నం పెట్టాలి. ఇకమీదట ఇవన్నీ తమరివే."

"నేనా? గంటా? ఛీ ఛీ!"

"ఛీ అంటే ఎలాగండీ? కిందటేడు సుబ్బన్న ఒక మామిడితోట దానం పట్టి, అందులో ఉన్న చలివేంద్రం ఎత్తేస్తానన్నాడు. ధారపోసి పుచ్చుకున్న దానం తిరిగివ్వకూడదు, దానితో వచ్చిన ధర్మం మానకూడదు అని ఇదే సభలో తీర్పు చెప్పిందెవరండీ?"

చెప్పింది భట్టుగారే మరి. ఆవేళ ఆ తీర్పుకి శాలువా కూడా కప్పించుకున్నాడు.

"నాకూ గుర్తే. మొన్న ఆ చలివేంద్రంలో మజ్జిగ తాగాను, బాగుంది," అన్నారు రాజావారు. గడ్డం నిమురుకుని, "అన్నట్టు గవరయ్యా, నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఆ నమ్మకం ఎందుకు చావలేదురా?" అన్నారు.

గవరయ్య భట్టుగారి వైపు చేయి చూపించాడు.

"పడగొట్టడానికొచ్చినవాడి చేతికే వీళ్ళు గంట తాడు ఇస్తారు, ప్రభూ. వీళ్ళని ఊరూరా తరిమిన ఒకాయన ఆఖరికి వీళ్ళకే పెద్ద ఉపదేశి అయ్యాడట. మా అక్క చెప్పింది. ఇప్పుడు మన భట్టుగారు."

రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. పనసకాయ కూర అక్కడికక్కడే అరిగిపోయింది. ఏసోబు కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ.

"మరి... గంట ఎప్పుడు కొట్టాలి?" అన్నాడు భట్టు నీరసంగా.

"కోడి కుయ్యకముందేనండి. లేవలేకపోతే మా అక్క వచ్చి తలుపు కొడుతుంది."

రాజావారు భుజం మీది పట్టుశాలువా తీసి స్వయంగా గవరయ్యకి కప్పారు. జరీ అంచు మూరెడుంది. అంత దుఃఖంలోనూ భట్టుగారి చూపు ఆ జరీ మీద పడింది.

గవరయ్య శాలువా గట్టిగా చుట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"భట్టుగారూ, తమకి దణ్ణం పెడతాను, ఇది మాత్రం అడక్కండి. అడిగారంటే మా అక్క నా పంచె కూడా విప్పించి ఇప్పిస్తుంది!"